అరగంట ముందు నడిచిన గడియారం

నేను ఒక కీ గడియారాన్ని. తల మీద రెండు గంటలు, వాటి మధ్య చిన్న సుత్తి, వెనక రెండు కీలు. ఒకటి నడవడానికి, ఒకటి అరవడానికి. నేను పుట్టిన కార్ఖానాలో తెల్లకోటు వేసుకున్న ఒకాయన నన్ను మూడు రోజులు పరీక్షించి, రోజుకు అర నిమిషం కూడా తేడా లేదని చీటీ రాసి పెట్టెలో పెట్టాడు. ఆ చీటీ చూసుకుని మురిసిపోయాను. నిజం చెప్పడానికే పుట్టాననుకున్నాను. ఇళ్ళలో అడుగు పెట్టాక తెలిసింది, మనుషులకు గడియారం కావాలి గాని నిజం అక్కర్లేదని.

నన్ను మొదట కొన్నది విజయనగరంలో ఒక తపాలా గుమాస్తా. కొన్న రోజే నా ముల్లు పది నిమిషాలు ముందుకు తిప్పేశాడు. ముందుంటే ఆఫీసుకు ఆలస్యం కాదట! ఆ తరువాత రోజూ పొద్దున్నే నా వంక చూసి, "ఇంకా పది నిమిషాలుందిలే" అని తీరిగ్గా పేపరు తిరగేసేవాడు. ఉద్యోగం చేసినన్నాళ్ళూ ఆలస్యంగానే వెళ్ళాడు. బదిలీ అయి వెళుతూ నన్ను సాలూరు నుంచి మెయిలు సంచులు తెచ్చే అప్పన్నకు ఇచ్చాడు. అప్పన్న ఇరవై నిమిషాలు ముందుకు తిప్పాడు. ఎవరి మీద నమ్మకం లేకపోతే వాళ్ళను బెదిరిస్తాం గదా, మనుషులు తమను తామే నా చేత బెదిరించుకుంటారు. పైగా ఆ బెదిరింపు ఉత్తదేనని వాళ్ళకు ముందే తెలుసు.

అప్పన్న పోయాక నేను అతని భార్య అప్పలనరసమ్మ గూట్లో, పసుపు డబ్బా పక్కన ఉండిపోయాను. ఆవిడకు టైము చూడడం రాదు. అయినా రోజూ సాయంత్రం తప్పకుండా కీ ఇచ్చేది.

ఆ పక్కింట్లో ఉండేది నీలవేణి. బస్సు కండక్టరు. రెండో షిఫ్టు కావడంతో మధ్యాహ్నం వెళితే మళ్ళీ ఇల్లు చేరేసరికి పదిన్నర. అప్పటికి రెండో తరగతి చదివే కూతురు చరణి నిద్రపోయేది. పొద్దున చరణిని అప్పలనరసమ్మ తయారు చేసి బడికి పంపేటప్పుడు నీలవేణి నిద్రలో ఉండేది. అదేం నిద్రో, చెవి దగ్గర డోలు వాయించినా లేవదు. భర్త లారీ మీద నెలకు నాలుగు రోజులే ఇంటి పట్టున ఉండేవాడు. ఒకే ఇంట్లో ఉంటూ తల్లి నిద్రను కూతురూ, కూతురు నిద్రను తల్లీ చూసుకుంటూ గడిపేవాళ్ళు.

ఒక ఆదివారం నీలవేణి, అప్పలనరసమ్మ ఇంటి అరుగు మీద కూర్చుని చరణికి జడ వేస్తూ, పిల్ల నోట్లో పన్ను లేకపోవడం చూసింది.

"ఎప్పుడూడిందే ఇది?"

"బుధవారమే ఊడిపోనాదమ్మా. మామ్మా నేనూ పేడలో పెట్టి ఇంటి మీదకి ఇసిరేసినాం."

పిల్ల ఏడవలేదు, అలగలేదు. అమ్మకు చెప్పాల్సిన సంగతని దానికి తోచలేదంతే. నీలవేణి చేతిలో దువ్వెన అలాగే ఆగిపోయింది. ఆమెకు అంత బాధ కలగడం నేనెప్పుడూ చూడలేదు.

మర్నాడే వెళ్ళి డిపోలో డ్యూటీలు వేసే సన్యాసిరావును ఫస్టు బస్సు అడిగింది. ఆ బస్సు ఎక్కితే మధ్యాహ్నం రెండింటికి ఇంట్లో ఉండొచ్చు, పిల్ల నాలుగింటికి బడి నుంచి వచ్చేసరికి గుమ్మంలో ఉండొచ్చు. సన్యాసిరావు పడి పడి నవ్వాడట. "పదింటికి నెగిసే మనిషివి, నీకు ఫస్టు బస్సేటమ్మా?" అన్నాడట. చివరకు నెల రోజులు చూస్తానన్నాడు. తెల్లవారుజామున నాలుగున్నరకు డిపోలో సంతకం పెట్టాలి. రెండుసార్లు ఆలస్యమైతే మళ్ళీ రెండో షిఫ్టే, ఇంక మారుమాట్లాడకూడదు.

"ఫోను అలారం నిద్రలోనే నొక్కీస్తన్నాను మామ్మా, ఏటి చెయ్యను?" అంది వచ్చి.

అప్పలనరసమ్మ నన్ను గూట్లోంచి తీసి కొంగుతో తుడిచింది. "ఇది తీస్కెళ్ళు. దీని నోరు ముయ్యాలంటే నువ్వు కళ్ళు తెరవాల."

కొత్త ఇంట్లో నా కొత్త యజమానురాలు చేసిన మొదటి పని మీరు ఊహించే ఉంటారు. అరగంట ముందుకు తిప్పింది! నా ముఖం మీద నాలుగైతే నేను మోగాలి. అసలు టైము అప్పటికి మూడున్నర. మూడు రోజులు మోగాను. మూడు రోజులూ ఒక కన్ను తెరిచి, "ఉత్తుత్తి నాలుగే, ఇంకా అరగంటుంది" అని లెక్కగట్టి పడుకుంది. తరువాత గబుక్కున లేచి, జడైనా పూర్తిగా అల్లుకోకుండా పరిగెత్తింది.

మూడో రోజు సాయంత్రం చరణి ఫోన్లో టైము చూసి, నన్ను చూసి, నా ముల్లును సరిచేసింది. బడిలో అప్పుడే గడియారం పాఠం అయింది మరి. నాకైతే చెప్పలేనంత సంతోషం. ఎన్నేళ్ళకో నిజం చెప్పబోతున్నాను! తెల్లవారుజామున అసలు నాలుగింటికి, నా ముఖం మీద నాలుగింటికి మోగాను. నీలవేణి అలవాటు ప్రకారం అరగంట తీసేసి మళ్ళీ పడుకుంది. డిపో చేరేసరికి బస్సు వేరే కండక్టరుతో వెళ్ళిపోయింది. "ఒకటయిపోనాది," అన్నాడట సన్యాసిరావు. ఈసారి నవ్వలేదట.

ఆ సాయంత్రం చరణి బడి నుంచి వచ్చాక, నన్ను ముట్టుకున్నదెవరని నీలవేణి కేకలేసింది.

"తప్పు సూపిస్తంటే నేనే సరిచేసినానమ్మా," అంది చరణి బిక్కమొహంతో.

నీలవేణి పిల్లను దగ్గరకు లాక్కుని, "నీ తప్పేటీ లేదు. నన్ను నేనే మోసం చేసుకుంటన్నాను," అంది. తరువాత నా ముల్లును ఎవరూ ముందుకు తిప్పలేదు.

అలారం మూడున్నరకు మారింది. ఫోను ఎనిమిదింటికల్లా పక్కింటికి వెళ్ళిపోయేది, మంచం మీద దాన్ని చూస్తూ పదకొండు చేస్తోంది గనుక. తొమ్మిదింటికి కూతురితో పాటే పడక. ఖాకీ కోటు మేకుకు, జడ పిన్నులు ఆ కోటు జేబుకు. నన్ను వంటింట్లో బోర్లించిన అల్యూమినియం గిన్నె మీద పెట్టింది. దాని మీద మోగితే నాకే చెవులు చిల్లులు పడేవి. నా నోరు మూయాలంటే ఎనిమిది అడుగులు నడిచి రావాలి. వచ్చాక పక్కనే నీళ్ళ డ్రమ్ము, చెంబెడు చన్నీళ్ళు ముఖం మీద. ఆ తరువాత ఒక్కటే నియమం, మళ్ళీ మంచం మీద కూర్చోకూడదు.

మొదటి వారం ఎన్ని శాపనార్థాలు పెట్టిందో! "నీ గొంతు పడిపోనూ!" అనేది నన్ను. పదకొండో రోజు జడ వేసుకోవడానికని మంచం అంచున కూర్చుని దువ్వెన పట్టుకునే కునికింది. తల వాలి ఉలిక్కిపడి లేచి, పరుగో పరుగు. ఒక్క నిమిషం ముందు చేరింది. ఆ రోజు నుంచి జడ నిలబడే. మూడో వారానికి తిట్లు తగ్గాయి. వచ్చి గంట నొక్కి, "అయిందిలే, విన్నాను," అనేది.

ఇరవై ఆరో రోజు నా స్ప్రింగు తెగింది. ఒంటిగంటా నలభైకి లోపల ఏదో టప్పుమంది, అంతే. ముళ్ళు కదలవు, గొంతు లేదు. నాలుగు రోజులైతే ఆమె నెల పూర్తయ్యేది. ఇన్నేళ్ళూ అబద్ధాలాడినప్పుడు నేను సిగ్గుపడలేదు గాని, ఆ పూట నోరు లేకుండా నిలబడ్డందుకు సిగ్గుపడ్డాను.

ఎంతసేపటికో చీకట్లో అడుగుల చప్పుడు. నీలవేణి! దీపం వేసి నన్ను చూసింది. ఒంటిగంటా నలభై. వీధిలో అలికిడి లేదు. నన్ను తీసి చెవి దగ్గర పెట్టుకుంది. చప్పుడు లేదు. టైము కనుక్కుందామంటే ఫోను పక్కింట్లో ఉంది. నిజంగానే ఒంటిగంటా నలభై అయితే ముసలామెను అర్ధరాత్రి లేపినట్టవుతుంది. మంచం వైపు చూసింది. చరణి పక్కన చోటు ఇంకా వెచ్చగానే ఉండి ఉంటుంది. మంచిదానివి, పడుకోకు తల్లీ అని నాలో నేను బతిమాలుకున్నాను.

"ఎంతయితే అంతయింది," అంది పైకే. "మరీ ముందైతే డిపో బెంచీ మీద కూచుంతాను."

చన్నీళ్ళు కొట్టుకుంది. నిలబడి జడ వేసుకుంది. కోటు తొడుక్కుని పక్కింటి తలుపు తట్టి ఫోను అందుకుంది. మూడూ యాభై ఎనిమిది. ఆ అంకె చూసి గుమ్మంలోనే నవ్వింది. "మామ్మా, దానంతటదే మెలకువొచ్చీసింది నాకు!" అంది. ఏడుస్తోందో నవ్వుతోందో అప్పలనరసమ్మకు అర్థం కాలేదు.

నెల పూర్తయిన రోజు సన్యాసిరావు బోర్డు మీద ఫస్టు బస్సుకు ఎదురుగా ఆమె పేరు రాశాడట. బజారులో రిపేరు చేసేవాడు నా స్ప్రింగు దొరకదన్నాడు. నేను మళ్ళీ పసుపు డబ్బా పక్కకు వచ్చేశాను. ఇప్పుడెవరూ కీ ఇవ్వరు, ముందుకూ తిప్పరు.

మొన్న సాయంత్రం అప్పలనరసమ్మ అరుగు మీద చిక్కుళ్ళు వలుస్తూ నీలవేణితో అంది, "నీ కూతురు నాకేటీ సెప్పడం మానీసిందే. ఇదివరకు బడి కబుర్లన్నీ నాకే సెప్పీది." గొంతులో కాస్త నిష్ఠూరం ఉంది. నీలవేణి ఒక్క క్షణం ఆవిడ ముఖంలోకి చూసి, తన చేత జడ వేయించుకుంటున్న చరణి భుజం తట్టింది. "మామ్మకి కూడా సెప్పమ్మా. మొదట్నించీ సెప్పు."

చరణి ప్రార్థన గంట దగ్గర మొదలుపెట్టింది. ఎవరు ఎవరి పెన్సిలు కొరికారు, ఎవరిని టీచరు బెంచీ ఎక్కించింది, ఎవరి డబ్బాలో ఏం కూర. నేను ఆగిపోయి ఉన్నాను గనుక, ఎంతసేపు చెప్పిందో నాకు తెలియదు.