అక్క పోసిన పాలు

ఆ వీధిలో ఆమెను అందరూ సలహాలమ్మ అనే పిలిచేవాళ్ళు. చేసేది టైలరింగు. కొలతలు తీసుకునేలోపే ఎదుటివాళ్ళ రోగం కనిపెట్టి, మందు కూడా చెప్పేసేది. ఈ మధ్య ఆమెకు పట్టుకున్న పిచ్చి పచ్చిపాలు.

“పాకెట్టు పాలూ ఒక పాలేనా? ఫ్యాక్టరీలో కాచి కాచి ప్రాణం తీసేస్తారు. తెల్లనివన్నీ పాలనుకుంటే ఎలాగమ్మా? పిండినవి పిండినట్టే తాగాలి. నేను రోజూ గ్లాసుడు తాగుతా, నన్ను చూడు!” అనేది కత్తెర ఆడిస్తూ. వచ్చినవాళ్ళు నవ్వుకుంటూ బట్టలు తీసుకుని, పోతూ పోతూ పాకెట్టే కొనుక్కుని పోయేవాళ్ళు. ఆ మాటల్ని నిజంగా నమ్మింది ఒక్కతే, ఆమె సొంత చెల్లెలు.

చెల్లెలు ఒట్టి అర్భకం, రెండు మెట్లెక్కితే ఆయాసపడేది. అక్క షాపుకు వెళ్తూ దారిలో పాలు పిండించుకుని, తిన్నగా చెల్లెలి ఇంటికి వెళ్ళి, దగ్గర కూర్చుని తాగించేది. “కాచి తాగితే ఏం పోతుంది వదినా?” అని చెల్లెలి భర్త, ఆమె మరిది, ఒకసారి గట్టిగానే అన్నాడు. అప్పటినుంచి అతను ఆఫీసుకు వెళ్ళాకే వెళ్ళేది.

ఆ తర్వాత చెల్లెలికి జ్వరం పట్టుకుంది. సాయంత్రమయ్యేసరికి ఒళ్ళు కాలిపోవడం, తెల్లారేసరికి చెమటలు, కీళ్ళు విరిచేసే నొప్పులు. డాక్టర్లు మారారు, మందులు మారాయి, జ్వరం మాత్రం పోలేదు. చివరికి ముగ్గురూ పెద్ద డాక్టరు గదిలో కూర్చున్నారు.

ఆయన రిపోర్టులన్నీ తిరగేశాడు. “టైఫాయిడ్ కాదు, మలేరియా కాదు. పచ్చిపాలు తాగే అలవాటేమైనా ఉందామ్మా? పశువులనుంచి వచ్చే జ్వరం ఒకటుంది. అదే అయితే మందులే వేరు.”

చెల్లెలు భర్త వైపు ఒకసారి చూసి, “లేదండీ, కాచినవే,” అంది.

సలహాలమ్మ తేలు కుట్టిన దొంగలా నేలచూపులు చూసింది. చెప్తే మరిది ముందు పరువు పోతుంది. చెప్పకపోతే చెల్లెలికి అసలు మందే పడదు. కాసేపు ఆ రెంటినీ తూకం వేసింది కూడా. అలా తూకం వేసినందుకే తనమీద తనకు అసహ్యం పుట్టింది.

“తాగుతుంది డాక్టరుగారూ. నేనే తాగించాను, మా మరిదికి తెలియకుండా.”

మరిది ఆమె వైపు చూడకుండా భార్య నుదురు తడిమి చూశాడు. తిట్టినా బాగుండేది. డాక్టరు రక్తపరీక్ష రాస్తూ, “చెప్పి మంచిపని చేశారు. తగ్గే జబ్బే,” అన్నాడు. ఆ మెచ్చుకోలుకి ఆమె ఇంకాస్త కుంచించుకుపోయింది.

“అక్కకి కూడా రాయండి డాక్టరుగారూ,” అంది చెల్లెలు నీరసంగా. “తను నాకంటే ఎక్కువే తాగుతుంది. నొప్పులున్నా పైకి చెప్పే మనిషి కాదు.”

డాక్టరు ఇంకో చీటీ తీశాడు. “మీ వయసెంతమ్మా?”

సలహాలమ్మ ఆ చీటీ వైపు చూసింది. పచ్చిపాలు ఆమె నోట్లో పోసుకున్నది ఒక్కసారే. ఆ వాసన భరించలేక, సింకులో ఊసేసింది. వాళ్ళింట్లో ఈరోజుకీ పాకెట్టు పాలే, అవి కూడా పొంగేదాకా కాచినవి. షాపులో అంతమంది ముందు అన్న మాట వెనక్కి తీసుకోవడం నామోషీ అనిపించి, అలాగే నడిపించింది.

“నాకక్కర్లేదులెండి,” అంది.

“మొండికేయకే అక్కా. సూదంటే భయమైతే నీ చెయ్యి నేను పట్టుకుంటాగా.”

“భయం కాదే. నేను... నేను తాగను.”

చెల్లెలికి అర్థం కాలేదు. “ఎప్పుడు మానేశావు?”

“మొదలే పెట్టలేదు.”

చెల్లెలు ఆమె ముఖంలోకి చాలాసేపు చూసింది. ఆ చూపులో కోపం ఉందేమోనని ఆశగా వెతికింది సలహాలమ్మ. లేదు. తర్వాత చెల్లెలు లేవబోయి తూలింది. అక్క చప్పున చెయ్యి అందించింది. చెల్లెలు ఆ చేతిని పట్టుకోకుండా, భర్త భుజం ఆసరా చేసుకుని లేచింది.