తుంగభద్రలో వేసిన గడియారం

దోసెల పిండి సగం నలిగాక మిక్సీ ఆగిపోయింది. "అత్త చెయ్యి పడింది," అని స్వర్ణలత నవ్వుతూ వచ్చి, అడుగున ఉన్న ఎర్ర బొత్తాం నొక్కింది. మిక్సీ మళ్లీ తిరిగింది. కోడలి మాటలో విషం లేదు. ఆ ఇంట్లో అది ఎప్పుడో నవ్వుకునే మాటగా మారిపోయింది. బోరు మోటారు కాలినా, టీవీ రిమోటు పలకకపోయినా, గోడ గడియారంలో సెల్లు అయిపోయినా ఉరుకుందమ్మ చెయ్యి పడినట్టే లెక్క. గోడ గడియారం దుమ్ము దులపడానికి కూడా ఆమెను పోనిచ్చేవాళ్లు కాదు. అంట్లకూ, పేడకూ, మంచం దిగలేని ఆడబిడ్డ మోకాళ్లకు నూనె రాయడానికీ మాత్రం అదే చెయ్యి పనికొచ్చేది. పిండి గిన్నెలోకి తీస్తూ ఉరుకుందమ్మ ఈ సంగతి ఒకసారి ఆలోచించింది. కోపంగా కాదు. బియ్యంలో మట్టిగడ్డ కనబడితే ఏరి పక్కన పెట్టినట్టు పెట్టేసింది.

ఆ మాట పుట్టింది భర్త ఓబులేసు పోయినప్పుడు. బేతంచెర్లలో నాపరాళ్ల పాలిష్ ఫ్యాక్టరీ పెట్టి, బొంబాయికి మొదటి లారీ పంపిన ఏడాది అతను ఆ ఊళ్లోనే ఒక ఒమేగా చేతి గడియారం కొనుక్కున్నాడు. స్టీలు పట్టీ, మీగడ రంగు ముఖం. దానికి కీ తిప్పే పని లేదు, సెల్లు మార్చే పని లేదు. "నా నాడి మీద నడుస్తాది ఇది," అని వచ్చినవాళ్లందరికీ చెయ్యి చాపి చూపించేవాడు. స్నానానికి తప్ప తీసేవాడు కాదు, నిద్రలో కూడా చేతికే ఉండేది. ఇంట్లో ఆ గడియారం ఆమెను నిలదీయడానికి పనికొచ్చేది. సంగటి ఎంతసేపటికి ఉడికింది, నీళ్ల బిందెతో ఎంతసేపటికి తిరిగొచ్చింది, అన్నిటికీ అదే సాక్షి. ఆమె ఎప్పుడైనా టైమెంతయిందని అడిగితే, "నీకు టైముతో ఏం పని? నేను ఆకలంటే మధ్యాన్నం, నేనింటికొస్తే రాత్రి," అనేవాడు. పక్కనున్నవాళ్లు నవ్వేవాళ్లు. ఆమెకు కూడా నవ్వడం అలవాటయింది.

ఓబులేసు గుండె ఆగి పోయిన రోజు ఎవరో ఆ గడియారం తీసి దిండు మీద పెట్టారు. ఇంటినిండా జనం. పోతుందేమోనని ఉరుకుందమ్మ దాన్ని చీర కొంగుతో తుడిచి, రుమాల్లో చుట్టి అల్మారాలో పెట్టింది. మూడో రోజు తీసి చూస్తే నిలిచిపోయి ఉంది.

"ఎవరు ముట్టుకునింది దీన్ని?" అంది ఓబులేసు అక్క రామసుబ్బమ్మ.

"నేనే వదినా. లోపల పెట్టినా."

"అదీ సంగతి. నా తమ్ముడు పోయినాక గూడా నడుస్తానే ఉండె. నీ చెయ్యి పడినాకనే నిల్చిపోయింది."

దాన్ని ఎవరూ రిపేరు షాపుకు తీసుకుపోలేదు. యజమానితో పాటు ప్రాణం పోయిన వస్తువు ఇంట్లో ఉండకూడదన్నారు. అస్థికలతో పాటు కర్నూలు దగ్గర తుంగభద్రలో వేసి వచ్చారు. పెద్దకర్మ నాడు ఆమె మట్టిగాజులు పగిలాయి, బంగారు గాజులు బ్యాంకు లాకరుకు చేరాయి. ఆ మాట ఒకటి ఇంట్లో మిగిలింది.

ఇప్పుడు కొడుకు భూపేష్ గ్రానైట్ యూనిట్ తెరుస్తున్నాడు. ప్రారంభం రోజున తండ్రి నిలువెత్తు ఫొటో పక్కన, తండ్రి చేతికున్నలాంటి గడియారంతో నిలబడాలని అతని కోరిక. ఆ రకం ఇప్పుడు తయారు కావడం లేదు. కర్నూలులో పాత విదేశీ గడియారాలు అమ్మే రెహమాన్ దగ్గర ఒకటి ఉందని తెలిసింది. "నీ గాజులు లాకర్లో ఊరికే పడుండాయి కదమ్మా. నువ్వెట్లాగూ ఏసుకోవు," అన్నాడు. అది నిజమే కాబట్టి ఆమె సరేనంది. లాకరు ఆమె పేరు మీద ఉంది. వీధి చివర చర్చి వరండాలో మధ్యాహ్నాలు స్తుతి టీచరు నేర్పిన సంతకం ఆమె బ్యాంకులో నిదానంగా పెట్టింది. ఆ టీచరే అక్షరాల తర్వాత గడియారం ముళ్లు చూడటం కూడా నేర్పింది. ఆ సంగతి ఇంట్లో ఎవరూ అడగలేదు, ఆమె చెప్పలేదు. "మా అమ్మ సంతకం భలే గుండ్రంగా పెడ్తాది," అన్నాడు భూపేష్ బ్యాంకు ఆయనతో, ఒకటో తరగతి పిల్లను మెచ్చుకున్నట్టు.

గాజులు అమ్మాక కొండారెడ్డి బురుజు వెనక సందులోకి వెళ్లారు. రెహమాన్ నల్ల మఖమల్ గుడ్డ పరిచి గడియారం పెట్టాడు. అదే మీగడ రంగు ముఖం. ముళ్లు కదలడం లేదు.

"నిల్చిపోయింది కదప్పా," అన్నాడు భూపేష్.

"పడుకోనుండాది సార్. లేపుదాం." రెహమాన్ వెనక మూత విప్పి, లోపలి నంబర్లు భూతద్దంలో చూపించి, అసలు సరుకేనని నమ్మించి మళ్లీ మూత బిగించాడు. అంతలో భూపేష్‌కు ఫోనొచ్చింది. లారీ ఏదో కాటా దగ్గర ఆగిపోయిందట. అరుస్తూ బయటికి పోయాడు.

"చేతిలోకి తీసుకో పెద్దమ్మా," అని రెహమాన్ గుడ్డను ముందుకు జరిపాడు.

ఆమె చేతులు కొంగులోకి లాక్కుంది. "నా చెయ్యి వద్దప్పా. నిల్చిపోతాది."

రెహమాన్ తలెత్తాడు. "నిల్చిపోయే ఉండాది కదమ్మా. ఇంకేం నిల్చిపోతాది?"

ఆమె కొంగులోంచి చెయ్యి బయటికి తీసింది. గడియారం తీసి చేతికి తొడుక్కుంది. పట్టీ వదులై మోచేతి వైపు జారింది. విసనకర్ర విసిరినట్టు చెయ్యి ఆడించమన్నాడు. ఆడించింది. లోపల ఏదో మెత్తగా తిరిగినట్టు మణికట్టుకు తెలిసింది. సన్న ముల్లు కదిలింది.

"కీ ఇయ్యలేదే?"

"చెయ్యే కీ దీనికి. లోపల అరచందమామ మాదిరి బిళ్ల ఉంటాది. చెయ్యి ఆడితే అది తిరిగి స్ప్రింగు చుట్టుకుంటాది."

"మగోళ్ల చెయ్యే కావాల్నా?"

"దానికెట్లా తెలుస్తాదమ్మా?" రెహమాన్ నవ్వాడు. "పనిచేసే చెయ్యి అయితే ఇంకా మేలు. కుర్చీలో కూర్చోనే సార్లకు అమ్మితే, నిల్చిపోయిందని నా మీదికే వస్తారు."

"ఏసుకోకుండా అల్మారాలో పెడితే?"

"రెండు దినాలు, అంతే. ఎవరు పెట్టినా నిల్చిపోతాది. మళ్లీ ఏసుకుంటే నడుస్తాది. ఒకటే జాగ్రత్త, శానా పాతది. అంట్లు, గుడ్డలు ఏం చేసినా నీళ్లు తగలనీయొద్దు," అంటూ రెహమాన్ పక్కనున్న చిన్న బొత్తాం లాగి, ముళ్లు తిప్పి టైము సరిచేశాడు.

ఉరుకుందమ్మకు ఏడుపు రాలేదు. నది గుర్తొచ్చింది. ఏ జబ్బూ లేని గడియారాన్ని పూలూ పసుపూ వేసి నీళ్లలో వదిలారు. ఇంటినిండా అంత జనం ఉంటే ఒక్కరు కూడా దాన్ని చేతికి పెట్టుకుని చూడలేదు. మగవాళ్లు భయపడ్డారు, ఆడవాళ్లకు ఆ ఆలోచనే రాలేదు. తనకూ రాలేదు. పొద్దున చీపురు పట్టింది మొదలు రాత్రి వంటిల్లు కడిగేదాకా ఆగని చెయ్యి తనది. రోలూ, చేటా, ఊయలా, ముసలాళ్ల పక్కన విసనకర్రా అన్నీ చూసిన చెయ్యి. ఆ రోజు రుమాల్లో చుట్టకుండా ఈ చేతికి పెట్టుకుని ఉంటే అది ఇప్పటికీ నడుస్తూ ఉండేది. నాడి మీద నడుస్తుందని ఆయన అన్నది గొప్పకే. బహుశా ఆయనకూ తెలియదు.

భూపేష్ లోపలికి వచ్చాడు. "ఇటియ్యమ్మా, ప్యాక్ చేయిద్దాం."

"బిల్లు ఏ పేరు మీద సార్?"

"ఉరుకుందమ్మ అని రాయప్పా," అంది ఆమె.

భూపేష్ నవ్వాడు. కారులో అడిగాడు. "తియ్యమ్మా ఇంక. గీతలు పడతాయి."

"నా గాజులదే కదా నాయనా. చేతికే ఉండనీ."

"ఓపెనింగ్‌కు నాకు కావాల."

"ఆ పొద్దు అడుగు. ఇచ్చేదీ లేందీ అప్పుడు చెప్తా."

అతను అద్దంలోంచి తల్లిని ఒకసారి చూసి, ఇల్లు చేరేసరికి సరదా తీరిపోతుందిలే అనుకున్నాడు.

ఇంటికొచ్చేసరికి సాయంత్రమైంది. సింకు నిండా పొద్దుటి అంట్లు. హాల్లో మంచం మీద నుంచి రామసుబ్బమ్మ ముందు ఆ చెయ్యినే చూసింది.

"ఏమ్మే ఉరుకుందా, మగోని గడియారం ఏసుకోని ఊరంతా తిరిగొచ్చినావా? తియ్యి. నీ చెయ్యి పడితే అదీ నిల్చిపోతాది."

"నిల్చిపోతే చెప్తాలే వదినా."

"అత్తా, అంట్లు నానేసినా," అంది స్వర్ణలత వంటింట్లోంచి.

"దీనికి నీళ్లు తగలకూడదంట."

"తీసి పక్కన పెట్టి కడుగు," అన్నాడు భూపేష్ విసుగ్గా.

"తీసి పెడితే నిల్చిపోతాది నాయనా. మీ నాయనది అట్లనే నిల్చిపోయింది. చెయ్యి పడి కాదు, ఏసుకునే చెయ్యి లేక. బాగుండేదాన్ని ఏట్లో ఏసొచ్చినాం."

 స్వర్ణలత చేతిలో గిన్నెతోనే వంటింటి గుమ్మం దగ్గరికి వచ్చింది. ఉరుకుందమ్మ గడప దగ్గర చెప్పులు వేసుకుంది.

"ఈ పొద్దప్పుడు యాడికి?" అంది రామసుబ్బమ్మ. గొంతు మునుపంత పైన లేదు.

"స్టేషన్ దాకా నడిచొస్తా. చెయ్యి ఆడాలంట."

"ఎప్పుడొస్తావు మరి?"

ఉరుకుందమ్మ మోచేతి వైపు జారిన గడియారాన్ని మణికట్టుకు లాక్కుని, ముళ్లు చూసింది.

"టైము చూసుకోని వస్తా," అంది.