బ్రేకుల్లో గాలి

జైలు నుంచి వచ్చిన మెకానిక్కుకి సొంతింట్లో మొదటి వారం అతిథి మర్యాదలతోనే గడిచింది. ఉతికిన తువ్వాలు చేతికిచ్చేవారు, ముందు అతనికే వడ్డించేవారు, అతను గదిలోకి వస్తే టీవీ సౌండు తగ్గించేవారు. కొత్తల్లుడికైతే ముచ్చటగా ఉంటుంది గానీ, ఇంటి మనిషికి రోజూ ఇదే వరస అయితే ఒళ్ళు మండుతుంది. అయితే ఒళ్ళు మండించుకునే స్థితిలో అతను లేడు.

వచ్చిన రోజే భార్య గుమ్మంలో నిలబెట్టి చెప్పింది. "ఉండండి, కాదనను. కానీ ఈ ఇంట్లో మీ గొంతు ఒక్కసారి లేచినా, ఇక నాతో మాట్లాడాల్సిన పనుండదు."

అతను తలూపాడు. తను పనిచేసే షెడ్డు ఓనరు ఏదో మాట తూలితే చేతిలో ఉన్న పానాతో భుజం విరగ్గొట్టి లోపలికి పోయిన మనిషి, తలూపక ఏం చేస్తాడు?

అతను లేని రోజుల్లో ఆవిడ చేతులు ముడుచుకుని కూర్చోలేదు. ఇంట్లో మూలుగుతున్న పాత వ్యాను నడపడం నేర్చుకుని, ఆసుపత్రి దుప్పట్లు తెచ్చి ఉతికి అందించే పని పెట్టుకుంది. ఇల్లు దాని మీదే నడిచింది. వ్యానుకి జబ్బు చేస్తే ఎక్కడికి తీసుకెళ్ళేదో తెలుసా? ఆ విరిగిన భుజం ఆసామి షెడ్డుకే. దగ్గర్లో ఇంకోటి లేదు మరి. ఆయన కిక్కురుమనకుండా బాగుచేసి పంపేవాడట. ఈ సంగతి విన్నప్పుడు మెకానిక్కుకి తల కొట్టేసినట్టయింది.

అందుకే ఆ ఉదయం బ్రేకు పెడలు మెత్తగా దిగిపోతోందని భార్య అంటే, అతను ఎగిరి గంతేసినంత పని చేశాడు. "నేనుండగా ఆ షెడ్డుకెందుకు? నేను చూస్తాను."

ఆవిడ ఉతికిన గుడ్డల గుట్టకేసి చూసింది. "సాయంత్రానికి దుప్పట్లు అందాలి. లేకపోతే ఆ పని ఇంకొకళ్ళకి పోతుంది."

"అందుతాయి."

అలా వ్యాను కింద దూరాడు. ఈ ఒక్క పనీ సవ్యంగా చేసి తాళం ఆవిడ చేతిలో పెడితే, తను మళ్ళీ ఇంట్లో మనిషినైనట్టేనని అతని ఆశ.

బ్రేకు గొట్టాల్లో గాలి చేరితే, తీయడానికి ఇద్దరు కావాలి. ఒకరు పైన కూర్చుని పెడలు నొక్కి పట్టాలి. ఇంకొకరు చక్రం దగ్గరున్న చిన్న నట్టు వదులు చేసి, ఆయిలుతో పాటు గాలిని బయటికి పంపి, మళ్ళీ బిగించాలి. ఈలోగా ఆ గొట్టాలకి ఆయిలు అందించే, సీటు పక్కనున్న డబ్బా ఖాళీ కాకూడదు. అయిందా, ఆ దారినే కొత్త గాలి లోపలికి పోతుంది, అంతవరకూ చేసిందంతా బూడిదలో పోసిన పన్నీరే. ఈ మాట కూతురికి ఒకటికి రెండుసార్లు చెప్పి డ్రైవరు సీట్లో కూర్చోబెట్టాడు. కాలేజీ చదువుకొచ్చిన పిల్ల. అతను వెళ్ళకముందు నువ్వు అనేది, ఇప్పుడు మీరు అంటోంది.

"నొక్కి పట్టుకున్నాను నాన్నా."

"నేను బిగించాక చెబుతాను, అప్పుడు వదులు."

చెప్పడానికి అంతే. చేయబోతే మొదటి చక్రం నట్టే మొండికేసింది. పానా వేస్తే జారింది. డీజిల్ పోస్తే హాయిగా నానింది గానీ కదల్లేదు. సుత్తితో తడితే ఏళ్ళ తుప్పంతా కంట్లో రాలింది. ఇంకోసారి బలంగా లాగితే పానా తప్పి, చెయ్యి ఇనుప అంచుకి కొట్టుకుని కణుపుల మీద తోలు లేచిపోయింది. పూర్వమైతే ఆ పానా వీధి చివర తేలేది, దాని వెనకే ఆ బండి తయారుచేసినవాడి ఏడు తరాలూ వెళ్ళేవి. ఇప్పుడు అతను పళ్ళు బిగించాడు, కళ్ళు మూసుకున్నాడు, బుసకొట్టినట్టు ఊపిరి వదిలాడు. జైల్లో నేర్చుకున్న విద్య అదొక్కటే. పైన సీటు కిర్రుమంది.

గుమ్మంలో కుర్చీ వేసుకుని దుప్పట్లు మడతపెడుతున్న అత్తగారు, గాలికి చెప్పినట్టు అంది. "అల్లుడుగారు బండి కిందున్నంతసేపూ ఇల్లు చల్లగా ఉంటుంది."

అతనికి నిజంగానే నవ్వొచ్చింది. కిందనుంచే నవ్వాడు. ఇంకెవరూ నవ్వలేదు.

ఎట్టకేలకి నట్టు దారికొచ్చింది. రెండో చక్రం దగ్గర రబ్బరు వాషరు చిరిగి, ఆయిలు మోచేతి దాకా కారింది. అది మార్చి ఆ చక్రం మళ్ళీ మొదటినుంచీ చేశాడు. ఎండ నెత్తికెక్కి దిగిపోయింది. చక్రం చక్రానికీ అతను "డబ్బాలో ఉందా?" అనడం, కూతురు "ఉంది నాన్నా" అనడం. ఒక్కసారి మాత్రం జవాబు ఆలస్యమైంది. సీసా మూత తిప్పిన చప్పుడు, గబగబా పోసిన చప్పుడు వినిపించాయి. తర్వాత "ఉంది" అంది. తగ్గేసరికి తనే పోసింది, తెలివైన పిల్ల అని మురిసిపోయాడు.

చివరి నట్టు బిగించి బయటికి పాక్కుంటూ వచ్చేసరికి నడుము విల్లయింది. "ఇప్పుడెలా ఉంది?"

కూతురు నాలుగైదుసార్లు వరసగా నొక్కింది. "గట్టిగా ఉంది."

వెంటనే భార్య ఎక్కి తనూ నొక్కి చూసింది. పెడలు రాయిలా నిలబడింది. "బాగుంది," అని దిగి, అతని చేతికేసి చూసింది. "ముందు దానికేమైనా మందు రాసుకోండి."

వచ్చాక ఆవిడ అతని ఒంటిని గురించి మాట్లాడటం అదే మొదలు. అంత సంతోషం అతనికి ఈ మధ్యకాలంలో కలగలేదు. రోజంతా ఒక్క మాట తూలలేదు, ఒక్క సామాను విసరలేదు. మామూలుగా ఏ మెకానిక్కూ తన కాలితో తొక్కి, బండి కాస్త నడిపి చూడకుండా తాళం ఇవ్వడు. అతనికీ ఆ ఆలోచన వచ్చింది. కానీ పిల్ల గట్టిగా ఉందని చెప్పాక మళ్ళీ చూస్తే, దాని మాట నమ్మనట్టుంటుందని ఊరుకున్నాడు.

మూటలు ఎక్కించేసరికి కాస్త పొద్దుపోయింది. అంతసేపూ పెడలు ఎవరూ ముట్టుకోలేదు. గాలి మిగిలిన బ్రేకుల తీరే అంత: వరసగా నొక్కితే బిగుస్తాయి, వదిలేసి ఊరుకుంటే మళ్ళీ నీరుగారిపోతాయి.

ఆ వీధి పల్లానికి దిగి గోదాము గోడ దగ్గర మలుపు తిరుగుతుంది. హ్యాండ్ బ్రేకు ఎప్పుడో పోయింది గనక చక్రం కింద ఇటుక పెట్టేవారు. అతనే ఆ ఇటుక తీశాడు. వ్యాను కదిలింది. మలుపు ఇంకా రాకముందే వెనక ఎర్రలైట్లు వెలిగాయి, ఆరాయి, మళ్ళీ వెలిగాయి. వేగం మాత్రం పెరిగింది. అతను పరిగెత్తాడు.

గోడకి ముందుభాగం అప్పచ్చి అయింది. ఆవిడ కుడికాలు దాని కింద ఇరుక్కుంది. గడ్డపార వేసి రేకు ఎత్తుతుంటే ఆవిడ స్పృహలోనే ఉంది. అతని చొక్కా పట్టుకుని, "పిల్లనేమీ అనకండి," అంది. తను పిల్లనెందుకు అంటాడో అతనికి అర్థం కాలేదు.

దుప్పట్లు చేరాల్సిన ఆసుపత్రికే ఆవిడ చేరింది. కాలు ఉంటుందో లేదో తెల్లారితే గానీ చెప్పలేమన్నారు. వరండాలో బెంచీ ఆ చివర కూతురు, ఈ చివర అతను కూర్చున్నారు. తన పనిలో ఎక్కడ లోపం జరిగిందో అతను ఒక్కో నట్టే తలుచుకుంటున్నాడు.

"డబ్బా ఖాళీ అయింది," అంది కూతురు. గోడకేసి చూస్తూ అంది. "నేను చూసుకోలేదు. చూసి గబగబా పోసేశాను. పెడలు కూడా మొదటిసారి కిందికి పోయింది. వరసగా నొక్కితే గట్టిపడిందని అలా చెప్పాను. నొక్కుతూ ఉంటే అదే సర్దుకుంటుందనుకున్నాను."

అతను కూతురికేసి తిరిగాడు. "అప్పుడే చెప్పొచ్చుగా అమ్మా. నేను పొద్దుట్నుంచీ ఎవరినైనా ఒక్క మాటన్నానా?"

"అనలేదు. అదే భయం. ఇదివరకు అరిచేవారు, అరిచాక అయిపోయేది. ఇవాళ కిందనుంచి మీ ఊపిరి ఒక్కటే వినిపించింది. మళ్ళీ మొదటినుంచీ చెయ్యాలని చెబితే ఏమవుతుందో నాకు తెలియలేదు."

"ఏమీ అనేవాణ్ణి కాదు," అన్నాడతను.

అనేశాక ఆ క్షణం గుర్తుకొచ్చింది. మండుతున్న కణుపులు, కంట్లో తుప్పు, ఎవరైనా ఒక్క మాటంటే చాలు పగిలిపోయేట్టున్న తల, చేతిలో పానా. అబద్ధం ఆడటానికి కూడా అతనికి ఓపిక లేకపోయింది.

"లేదు. అనేవాణ్ణే," అన్నాడు.

కూతురు మొదటిసారి అతని మొహంలోకి సూటిగా చూసింది. "తెలుసు నాన్నా," అంది.

నర్సు తలుపు తీసి, ఎవరైనా ఒక్కరు లోపలికి రావచ్చంది. ఎవరు వెళ్ళాలని కూతురు అతన్ని అడగలేదు, లేచి వెళ్ళిపోయింది.