కొండల్ రావు కడిగిన ఫోటో

శనివారం వస్తే అమెరికాలోని క్యారీ ఊళ్లో ఆ అపార్ట్‌మెంట్‌లో స్నానాలు తొందరగా అయిపోవాలి. టిఫిన్ల తర్వాత బాత్రూమ్ కొండల్ రావుది. కిటికీ లేని ఆ గదిలో ఎర్ర బల్బు పెట్టుకుని, టబ్బు మీద అడ్డంగా చెక్క వేసి, దాని మీద ట్రేలు పరిచి, ఫోటోలు కడుక్కుంటాడు. తలుపు కింద వెలుతురు రాకుండా తువ్వాలు కుక్కడం ఆయన భార్య అనంతలక్ష్మి పని. ఆ పని చేసి, ఆమె హాల్లో కూర్చుని చిక్కుడుకాయలు తుంచుకుంటుంది.

ఆదివారం అడవికి పోవాలి. కూతురు రజిని కారు నడుపుతుంది. పిడుదులు ఎక్కకుండా ప్యాంటు అంచులు సాక్సుల్లోకి దోపుకుని, తండ్రీకూతుళ్లు ఆర్కిడ్ల కోసం తిరుగుతారు. రజిని రాలీలోని యూనివర్సిటీలో వాటి మీదే పీహెచ్‌డీ చేస్తోంది. కుండీల్లో అమ్మే ఆర్కిడ్లు కావు, అడవిలో ఆకుల చెత్తలోంచి తమంతట తాము లేచే నేల ఆర్కిడ్లు. గులాబీ రంగు సంచీ వేలాడేసుకున్నట్టుండే పువ్వు ఒకటి, తెల్లని గీతలున్న ఆకుల మధ్య దీపపు కుందెలా నిలబడే పువ్వు ఒకటి. రజిని వాటిని వెతుకుతుంది, కొలుస్తుంది, రాసుకుంటుంది. కొండల్ రావు నేల మీద బోర్లా పడుకుని పాత యాషికాతో ఫోటో తీస్తాడు. లేచేటప్పుడు మోకాళ్లు పట్టేస్తే కూతురు చెయ్యిస్తుంది.

హనుమకొండలో ఆయన ముప్పయ్యేళ్లు స్టూడియో నడిపాడు. ఆయన చేత్తో కడిగిన ఫోటోలో కాలం ఆగేది కాదు. బారసాలనాడు తీసిన పిల్లాడు మరుసటి దసరాకి ఫోటోలోనే పాకేవాడు. పదో తరగతి గ్రూపు ఫోటోలో మగపిల్లలకు మీసాలు మొలిచేవి. జనం వచ్చి, "పిల్లగాడు పెద్దగైండు కొండల్ రావూ, ఫ్రేము సాలుతలేదు" అంటే, కొంచెం పెద్దది చూసి వేసిచ్చేవాడు. తర్వాత డిజిటల్ కెమెరాలొచ్చాయి. కంప్యూటర్లోంచి వచ్చిన ఫోటో తీసినది తీసినట్టే ఉండిపోతుంది. జనానికి అదే తేలికనిపించింది. స్టూడియో మూతపడింది. ఎవరన్నా జాలిపడితే ఆయనకు గిట్టేది కాదు. "నా ఫోటోలల్ల ఉన్నోళ్లు ఇంకా బతుకుతనే ఉన్నరు. నాకేమైంది?" అనేవాడు.

రజిని అపార్ట్‌మెంట్ గోడ నిండా ఇప్పుడు ఆయన తీసిన ఆర్కిడ్లే. వేసవిలో ఫోటోల్లో రేకులు రాలేవి. చలికాలం వాటిలో మంచు కురిసేది. ఒకసారి ఒక ఫ్రేములోంచి జింక కాలొకటి అడ్డంగా నడిచిపోయింది. అనంతలక్ష్మి అన్నిటినీ ఒకే తువ్వాలుతో తుడిచేది.

వాటిలో ఒక ఫోటో మాత్రం రజిని మంచం పక్కన ఉండేది. మూడేళ్ల కిందట, తల్లిదండ్రులు మొదటిసారి వచ్చినప్పుడు, పడమటి కొండల్లో ఒక వాలు మీద తీసినది. సన్నటి కాడ, దాని చివర గొడుగు తెరిచినట్టు ఐదు ఆకులు, నడిమిట్లో ఆకుపచ్చలో కలిసిపోయే చిన్న పువ్వు. పక్కన తిరిగేవాడికి కూడా కనపడదు. కొండల్ రావు దాన్ని గొడుగు పువ్వు అనేవాడు. ఆ సంవత్సరం శీతాకాలానికి అది మామూలుగానే ఎండిపోయింది. మరుసటి వసంతంలో లేవలేదు. ఆ పై వసంతంలోనూ లేవలేదు. ఆ వాలు మీద ఉన్న దాని తోటి మొక్కలు కూడా లేవలేదు. ఫోటోలో ఉత్త ఎండాకులు, ఒక మూలగా తెల్లని చార ఉన్న రాయి, అంతే.

రజిని వాదన ఏమిటంటే, ఆ మొక్క చావలేదు. నేల లోపల నిద్రపోతోంది. అలా ఏళ్ల తరబడి నిద్రపోయి మళ్లీ లేస్తుందని చూపించగలిగితే, ఖాళీగా కనపడే వాలుని ఖాళీ అనడానికి వీలుండదు. ఆ స్థలం యజమాని అక్కడ సెలవుల్లో వచ్చి ఉండే ఇళ్లు కట్టేవాళ్లకు అమ్మాలని చూస్తున్నాడు. కాపాడాల్సిన అరుదైన మొక్కలు పోయాయి కదా, ఇంకేం అడ్డం అని అతని మాట.

ఆమె ప్రొఫెసర్ హెలెన్ మంచి మనిషే. ఆ ఏడాది, అంటే రెండువేల పది మార్చిలో, రజినిని కూర్చోబెట్టి నెమ్మదిగా చెప్పింది. "నువ్వు చెప్పేది నిజమే కావచ్చు. కానీ లేవని మొక్క మీద థీసిస్ రాయలేం. వేరే మొక్క తీసుకో, లేదా మాస్టర్స్‌తో ముగించు. ఫండింగ్ ఇంకో ఏడాదే."

వేరే మొక్కతో మళ్లీ మొదటినుంచి మొదలుపెట్టడానికి ఏడాది చాలదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుసు.

ఉగాదికి తలో వంటకం తెచ్చుకునే పాట్‌లక్‌లో సూర్యప్రకాశరావు అంకుల్ ఈ మాట విన్నాడు. ఆయన క్యారీలో పాతకాపు. కష్టంలో ఉన్న పిల్లలకు దారి చూపడం ఆయనకు అలవాటు.

"ఆ గడ్డి వదిలేయమ్మా రజినీ. సాఫ్ట్‌వేర్ టెస్టింగ్‌లో ట్రైనింగ్ తీసుకో. బెంటన్‌విల్‌లో మావాడి కన్సల్టెన్సీ ఉంది. జూన్‌లో జాయినైపోవచ్చు. ఏమంటారు కొండల్ రావు గారూ?"

కొండల్ రావు పులిహోర తింటూ తలెత్తాడు. "గడ్డి కాదండి, ఆర్కిడ్" అన్నాడు. "మిగతాది దాని ఇష్టం."

రజిని సరేనంది. ట్రైనింగ్ కూడా మొదలుపెట్టింది. లాప్‌టాప్ ముందు కూర్చుని టెస్ట్ కేసులు రాసుకునేది. అడవికి పోవడం మానేసింది. ఆదివారాలు కొండల్ రావు ఒక్కడే కాలనీ వెనకున్న చెరువు చుట్టూ తిరిగొచ్చేవాడు. మంచం పక్కనున్న ఫోటోను రజిని తీసి హాల్లో అన్నిటితో పాటు తగిలించింది.

మే నెల మొదట్లో ఒకరోజు పొద్దున్న, చాయ్ గ్లాసుతో ఆ ఫోటో ముందు నిలబడి, కొండల్ రావు చాలాసేపు కదల్లేదు.

"బిడ్డా, ఒకసారి ఇటు రా."

రజిని బ్రష్ నోట్లో పెట్టుకునే వచ్చింది.

"ఆకు జర లేసినట్టున్నది. నిన్న గిట్ల లేకుండె."

ఎండాకుల్లో ఒకటి, కింద ఎవరో వేలు పెట్టి ఎత్తినట్టు, ఒక అంచున లేచి ఉంది. రజిని వంగి చూసింది. తర్వాత బాత్రూమ్‌లోకి వెళ్లి నోరు కడుక్కొచ్చింది.

"పురుగై ఉంటది బాపు."

"అయి ఉండొచ్చు" అన్నాడు ఆయన.

మరునాటికి ఆకు పక్కకు పడిపోయింది. దాని చోట పాలిపోయిన మొలక ఒకటి తల వంచుకుని నిలబడి ఉంది. రజిని హెలెన్‌కి ఫోన్ చేసింది. హెలెన్, "ఫోటోలో లేస్తే థీసిస్‌కి చాలదు రజినీ. నేల మీద చూడాలి. నువ్వు చూస్తే నేను బయల్దేరి వస్తాను" అంది.

"నేను బెంటన్‌విల్‌కి మాటిచ్చిన" అంది రజిని ఫోన్ పెట్టేసి. ఎవరితో అంటోందో తెలియదు.

"ఇచ్చినవు. ఎవరు కాదన్నరు?" అంది అనంతలక్ష్మి వంటింట్లోంచి. "చూసొస్తే మాట తప్పినట్టా? పొద్దున్నే లేవండి. పులిహోర కలిపిస్త."

తెల్లవారి ముగ్గురూ బయల్దేరారు. ఫోటో అనంతలక్ష్మి ఒళ్లో తువ్వాలు చుట్టుకుని కూర్చుంది. కొండ దగ్గర పడుతున్నకొద్దీ యాక్సిలరేటర్ మీద రజిని కాలు బరువెక్కింది.

వాలు చూడగానే ఆమె ముఖం వాడిపోయింది. పోయిన శీతాకాలపు గాలివానకు పెద్ద చెట్లు అడ్డదిడ్డంగా పడి ఉన్నాయి. వాననీళ్లు మట్టిని కోసుకుంటూ దిగాయి. మొక్క ఉన్న చోటల్లా ఆమె పాతిన చిన్న జెండాలు ఎటు పోయాయో తెలియదు. తెల్లచార రాళ్లు వాలంతా ఉన్నాయి. ముగ్గురూ నడుములు వంచి మధ్యాహ్నం దాకా వెతికారు. గులాబీ సంచీ పువ్వులు కనపడ్డాయి, వేరే ఏవేవో కనపడ్డాయి, గొడుగు మాత్రం కనపడలేదు.

తిన్న తర్వాత కొండల్ రావు మోకాళ్లు ఇక మావల్ల కాదన్నాయి. పడిపోయిన మాను మీద కూర్చుని ఫోటోను ఒళ్లో పెట్టుకున్నాడు. అందులో మొలక నిటారుగా నిలబడింది. ఐదాకులూ విచ్చుకుని, మధ్యలో మొగ్గ కళ్లు తెరుస్తోంది.

"పూస్తున్నది" అన్నాడు పైకి అరిచి.

"ఎక్కడ బాపు?" అంది రజిని. "ఇక్కడే ఎక్కడో పూస్తున్నది. నేనే కండ్లు లేనిదాన్నయిన."

ఆమె వాలు మీద అడ్డంగా నడుస్తోంది. ఒక చివరి దాకా పోయి, కొంచెం పైకి ఎక్కి, మళ్లీ వెనక్కి వస్తోంది. పొద్దు పడమటికి వాలింది. ఆయన ఒకసారి కూతుర్నీ, ఒకసారి ఫోటోనీ చూస్తున్నాడు. ఉన్నట్టుండి ఫోటోలోని ఎండాకుల మీద నీడ ఒకటి మెల్లగా పాకింది. టోపీ పెట్టుకున్న తల నీడ.

"రజినీ, టోపీ తియ్యి."

ఆమె తీసింది. ఫోటోలో నీడకు టోపీ పోయింది, జడ కనపడింది.

"దగ్గరున్నవ్. మెల్లగ నడువు."

అనంతలక్ష్మి వచ్చి భర్త భుజం మీదుగా ఫోటోలోకి చూసింది. నీడ పెద్దదవుతోంది. తర్వాత ఫ్రేము అంచులోంచి మట్టి అంటుకున్న బూటు ముక్కు ఒకటి లోపలికి వచ్చింది. రెండో బూటు గాల్లోకి లేచింది. అది సరిగ్గా పువ్వు పైకి వస్తోంది.

"ఆగు" అన్నాడు కొండల్ రావు. "కాలు కింద పెట్టకు. అట్లనే ఎనక్కి తీయి."

రజిని ఒంటికాలి మీద ఆగిపోయింది. చేతులు రెండూ చాపి, కొంగలా ఊగుతూ, కాలు నెమ్మదిగా వెనక్కి తీసుకుంది. తర్వాత మోకాళ్ల మీద కూలబడింది. ఆమె పాదం పడబోయిన చోట, ఎండాకుల మధ్య, ఐదాకుల గొడుగు నడిమిట్లో నిలబడి ఉంది ఆ పువ్వు.

ఆమె దాన్ని ముట్టుకోలేదు. చాలాసేపు చూసింది. ఒకదాని రూపం కంటికి పట్టాక మిగతావి దాక్కోలేవు. తలెత్తితే పక్కనే ఇంకొకటి, రాయి అవతల రెండు, పడిపోయిన చెట్టు వేళ్ల కింద ఒక గుంపు. వాలంతా లేచింది. ఇన్నాళ్లూ ఖాళీ అనుకున్న నేలంతా.

"బాపు" అంది. ఆ ఒక్క మాటే. ఆయన మాను మీంచి లేచి, భార్య భుజం పట్టుకుని, జాగ్రత్తగా అడుగులు వేసుకుంటూ వచ్చాడు. రజిని ఒక్కో మొక్కనీ చూపిస్తూ, దానికి ఏ సంవత్సరం ఏ జెండా పెట్టిందో చెబుతూ పోయింది. ఆమె వేలు చూపిన చోటల్లా పువ్వుంది. కొండల్ రావు కెమెరా మెడలో వేలాడుతూనే ఉంది. ఫోటో తీయడం మర్చిపోయి ఆయన కూతుర్నే చూస్తూ ఉండిపోయాడు.

సిగ్నల్ దొరికే దాకా కొండెక్కి రజిని హెలెన్‌కి ఫోన్ చేసింది. మరుసటి రోజు పొద్దుటికి హెలెన్ వచ్చింది. ఆమె కూడా ఆ వాలు మీద మోకాళ్ల మీద కూర్చుంది. కళ్లద్దాలు తుడుచుకుని, "నాదే తప్పు. నువ్వు కరెక్ట్. థీసిస్ రాయి" అంది. ఇంటికొచ్చాక రజిని సూర్యప్రకాశరావు అంకుల్‌కి స్వయంగా వెళ్లి చెప్పింది, బెంటన్‌విల్‌కి రానని. ఆయన, "మంచిదేనమ్మా. టెస్టింగ్‌కి మనుషులు దొరుకుతారు" అన్నాడు.

జూన్‌లో డిపార్ట్‌మెంట్‌లో రజిని సెమినార్ ఇచ్చింది. కొండల్ రావు కోటు వేసుకుని, పట్టుచీర కట్టుకున్న అనంతలక్ష్మి పక్కన ముందు వరసలో కూర్చున్నాడు. చివర్లో ఒక ముసలి ప్రొఫెసర్ చెయ్యెత్తాడు.

"రెండు వసంతాలు ఏమీ లేవని చోటికి సరిగ్గా ఆ వారమే ఎందుకు వెళ్లారు?"

"మా నాన్న కడిగిన ఫోటోలో ఆకు లేచింది. అందుకని వెళ్లాం" అంది రజిని. "ఆయన ఇక్కడే ఉన్నారు."

ఆ ముసలాయన తలూపి, రాసుకుని, నేలలో తేమ గురించి రెండో ప్రశ్న అడిగాడు. హాల్లో అందరూ మెడలు సాచి కొండల్ రావుని చూస్తున్నారు. ఆయన లేచి అందరికీ నమస్కారం పెట్టి కూర్చున్నాడు. అనంతలక్ష్మి చీర కుచ్చిళ్లు సర్దుకుని నిటారుగా కూర్చుంది.

వాలు అమ్మకం ఆగిపోయింది. థీసిస్ పూర్తయి, ఆ కొండల్ని చూసుకునే ఉద్యోగమే రజినికి దొరికింది. తల్లిదండ్రులు తిరుగు ప్రయాణమయ్యేటప్పుడు ఆమె ఆ ఫోటో తండ్రి చేతిలో పెట్టింది. "నాకిక అక్కర్లేదు బాపు. అవి ఎక్కడున్నాయో నాకు తెలుసు" అంది.

హనుమకొండలో స్టూడియో ఉన్న గదిలో ఇప్పుడు జిరాక్స్ షాపు నడుస్తోంది. కొండల్ రావు దాని ముందరి అద్దంలో ఆ ఫోటో పెట్టించాడు. ఏటా మే నెలలో మొలక లేచిన రోజునుంచి, ఆయన అక్కడే కుర్చీ వేసుకుని కూర్చుంటాడు. కాసేపటికి ఫ్రేము అంచులోంచి బూట్లు వస్తాయి. తర్వాత మోకాళ్లు నేలకు ఆనుతాయి. తర్వాత ముఖం కిందికి దిగుతుంది, నుదుట చెమట పట్టి, పెదాలు లెక్కపెట్టుకుంటూ. చేతిలో స్కేలు ఉంటుంది.

జిరాక్స్‌కి వచ్చినవాళ్లు అద్దం ముందు గుమిగూడి, ఎవరామె, ఏం చేస్తోంది అని గట్టిగా మాట్లాడుకుంటే, కొండల్ రావు కుర్చీలో సర్దుకుంటాడు.

"జర మెల్లగ మాట్లాడున్రి" అంటాడు. "మా బిడ్డ. పని మీదున్నది."