అనుమతులు రాసుకోని చోటు

నీటి సరఫరా ఆఫీసులో పంపులు నడిపే కంప్యూటరును నెలకోసారి తనిఖీ చేయడం ఆమె పని. సాఫ్ట్‌వేర్ ప్యాకేజీ ఎక్కించినప్పుడే ఏ ఫైలు ఎలా ఉండాలో ఒక జాబితా తయారవుతుంది. ఫైలు లోపలి సరుకు, దాన్ని ఎవరు ముట్టుకోవచ్చో చెప్పే అనుమతులు, రెండూ ఆ జాబితాతో సరిపోవాలి.

మొన్న సాయంత్రం కొత్త యంత్రం వచ్చాక ఇదే మొదటి తనిఖీ. నలభై రెండు ఫైళ్ల అనుమతులు సరిపోలేదు. అన్నీ యంత్రం ఆన్ అయ్యేటప్పుడు మొదట చదివే డిస్కు భాగంలోవే.

నిన్న దాని ముందు కూర్చున్నది పంపు ఆపరేటర్ ఒక్కరే. ఆఫీసంతా ఆయన్ని బాబాయ్ అంటుంది. రిటైర్మెంటుకు మూడు నెలలుంది. పన్నెండు గంటలకు ఇవ్వాల్సిన ఫారంలో "సరిపోలేదు" అన్న గడిలో టిక్కు పడితే విచారణ ఆయన మీదే.

ఆమె అనుమతులు సరిచేసింది. యంత్రం కిమ్మనలేదు. మళ్లీ తనిఖీ చేసింది. నలభై రెండు. ఇంకోసారి సరిచేసింది. నలభై రెండు. చెవిటివాడి ముందు శంఖం ఊదినట్టుంది.

"బాబాయ్, నిజం చెప్పు. నిన్న దీన్నేమన్నా కెలికావా?"

గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకునే రకం ఆయన.

"దుమ్ముంటే తుడిచానమ్మా. గుడ్డ కాస్త తడిగా ఉందేమో."

"తడిగుడ్డకి అనుమతులు మారవు."

"మారవని నువ్వంటున్నావు. మారాయని అదంటోంది. నేనెవర్ని నమ్మాలి?"

ఆమె మళ్లీ తెరవైపు తిరిగింది. ఆ భాగం వివరాలు తెరిచింది. పెన్‌డ్రైవ్‌ల తరహాలో ఫైళ్లు దాచే ఫార్మాట్. సంచిలోంచి కొత్త పెన్‌డ్రైవ్ తీసి ఒక ఫైలు వేసింది. తాను తప్ప ఎవరూ చదవకూడదని అనుమతులు మార్చింది. యంత్రం కిమ్మనలేదు. తిరిగి చూస్తే అనుమతులు మొదట ఎలా ఉన్నాయో అలాగే ఉన్నాయి.

"దీని మీద నీ చెయ్యి పడలేదు కదా బాబాయ్?"

"నా ముందే కదమ్మా కవరు చింపావు!"

ఆ ఫార్మాట్‌లో అనుమతులు రాసుకునే చోటే లేదు. అన్ని ఫైళ్లకూ ఒకటే చూపిస్తుంది. జాబితా మాత్రం ఒక్కోదానికి ఒక్కోటి అడుగుతోంది. ఆమె అప్పుడు తనిఖీ ఫలితాల్లో రెండో వరుస చూసింది. లోపలి సరుకు నలభై రెండింటికీ సరిపోయింది.

ఫారంలో ఉన్నవి రెండే గడులు. ఆమె పెన్నుతో మూడోది గీసింది. "సరుకు మారలేదు. అనుమతులు నిలిచే చోటు కాదు. ఎవరూ ముట్టుకోలేదు." సంతకం పెట్టింది.

"అయితే నేను చేసినట్టా, చేయనట్టా?"

"చేయనట్టే."

"మరి తడిగుడ్డ?"

"రేపట్నించి పొడిగుడ్డ వాడు బాబాయ్" అని ఆమె ఫారం పట్టుకుని లేచింది.