సర్వే సారు చూపించిన జాగ

ఖాజా పాషా చేతికొచ్చిన బండి బాగుపడకుండా పోయింది లేదు, నోటికి చిక్కిన మనిషి నవ్వకుండా పోయింది లేదు. వరంగల్ శివనగర్‌లో రోడ్డు పక్కన రేకుల షెడ్డు ఆయనది. ఆయనదంటే, కిరాయిది. స్కూటీ ఆగిపోయిందని వచ్చిన టీచరమ్మకు ఇంజనుకు పచ్చకామెర్లయ్యాయనీ, మూడు రోజులు పథ్యం పెట్టాలనీ చెప్పేవాడు. కరెంటు బండి మీద పోయేవాణ్ణి ఆపి పెట్రోలు కారుతోందని దింపేవాడు. ఏడో తరగతి సగంలో బడి మానేసినా, ఏ వేషమేసినా నమ్మించగల మొహం. అబద్ధం చెప్పి, అవతలి మనిషి రంగు మారేదాకా ఆగి, "మజాక్ తమ్మీ" అని భుజం తట్టడం ఆయన పద్ధతి. ఆ ఆఖరి మాట చెప్పకుండా ఎన్నడూ ఎవరినీ పంపలేదు, ఒక్కసారి తప్ప.

ఆ ఒక్కసారీ ప్లాటు చూడబోయిన రోజునే జరిగింది.

యాభై దాటాక ఆయనకు సొంత షెడ్డు వేసుకోవాలన్న కోరిక పుట్టింది. వరంగల్‌లో రోడ్డు మీద జాగ కొనే తాహతు లేదు. హైదరాబాద్ రోడ్డులో రఘునాథపల్లి దగ్గర ఒక ప్లాటు కొని ఐదేళ్లు ఓపిక పడితే, దాన్నమ్మి ఊళ్లోనే జాగ పట్టొచ్చని బండ్లు బాగుచేయించుకునేవాళ్లంతా సలహా ఇచ్చారు. ఇరవై ఏళ్ల కష్టం ఒక్క సంతకంతో చేతులు మారే పని. అందుకే కూతురు సుమేరా తండ్రిని ఉత్తచేతులతో పంపలేదు. రిజిస్ట్రేషన్ ఆఫీసు ముందర దస్తావేజులు రాసే ఒకాయన దగ్గర ఆమె కంప్యూటర్ పని చేస్తుంది. అడగాల్సినవన్నీ నోటుబుక్కు కాగితం మీద రాసి తండ్రి చేతిలో పెట్టింది.

"అబ్బా, ఒక్కటి గుడ ఇడిచిపెట్టకు. మనకు అమ్మేటాయన ఎవల దగ్గర కొన్నడో ఆ పాత కాయితాలు అడుగు. లేఅవుటుకు పర్మిషన్ ఉన్నదా, చెరువు నీళ్లు నిలిచే శిఖంల పడ్తదా, రోడ్డు ఎన్ని ఫీట్లు, అన్ని అడుగు. నాలుగు మూలలకెల్లి ఫోన్ల ఫోటోలు తియ్యి."

"మీ అమ్మీని చూడవోయినప్పుడు మీ దాదీ గిన్ని అడగలేదు బిడ్డా."

"మావోళ్లన్న నిన్ను అడిగితె అయిపోవు, నేను బతికిపోతుంటి," అంది భార్య జైనాబీ వంటింట్లో నుంచి.

సుమేరా నవ్వలేదు. ఆఖరి వరుసను వేలితో చూపించింది. "గిది అన్నిటికన్న ముఖ్యం. కాయితాలు ఏమన్న చెప్పనియ్యి. చుట్టుపక్కలోళ్లను మెల్లగ అడుగు, ఈ భూమి ఎవలది, ఇప్పుడు దాని మీద ఎవలన్న ఉన్నరా అని."

వెంచర్‌లో ప్లాట్లు అమ్మిపెట్టే భానుచందర్ కారులో తీసుకుపోయాడు. దారి పొడవునా వాడికి ఊపిరాడనివ్వలేదు ఖాజా పాషా.

"తమ్మీ, ప్లాటు తూర్పు మొఖమంటానవ్. ఎండకాలం గుడ తూర్పుకే ఉంటదా?"

"మస్తు మజాక్ జేస్తవన్నా నువ్వు."

"వెంచర్ కాడ పెట్టే సమోసాలు ప్లాటు కొన్నోళ్లకేనా, చూసినోళ్లకు గుడనా?"

అయినా ప్లాటు దగ్గర దిగాక కాగితంలో ఉన్నవి ఒకటొకటీ అడిగాడు. భానుచందర్ దేనికీ తడుముకోలేదు. పాత దస్తావేజులు వరుసగా ఉన్నాయి. పర్మిషన్ ఉంది. చెరువు ఎక్కడో అవతల ఉంది.

"రోడ్డు నలభై ఫీట్లన్నా. ఇంక పొయ్యలేదు గని, గీ మూల మీదికెల్లే వస్తది. నలభై ఏడో నంబరు తీస్కో, అమ్మేటప్పుడు నన్ను తలుసుకుంటవ్."

భానుచందర్‌కు ఫోనొచ్చి కారు దగ్గరికి పోయాడు. ఖాజా పాషా చేతిలో టేపు పట్టుకుని మూలమూలకూ తిరిగి ఫోటోలు తీశాడు. రోడ్డు వస్తుందన్న మూలన ఒక వేపచెట్టు, దాని కింద సున్నం కొట్టిన మోకాలెత్తు రాయి, పక్కన చుట్ట కాలుస్తూ ఒక ముసలాయన. తెల్లచొక్కా, టేపు, జేబులో పెన్ను చూసి ముసలాయన చుట్ట ఆర్పేసి లేచి నిలబడ్డాడు.

"సర్వేకచ్చిండ్రా సారు?"

సుమేరా ఆఖరి ప్రశ్న అడగాల్సిన మనిషి ఆయనే. అడిగితే అన్నీ చెప్పేవాడు. కానీ ఎదుటి మనిషి తనంతట తానే నమ్మడానికి సిద్ధంగా నిలబడితే ఖాజా పాషా నాలుక ఆగేది కాదు.

"ఔ. పేరేంది?"

"మొండయ్య సారు."

"గీ రాయి ఎవలు పాతిండ్రు?"

"నేనే సారు. గిది..."

"గిది లేదు, గది లేదు. మ్యాపుల లేని రాయి భూమి మీద ఉండద్దు. రేపటిలోపట తియ్యకుంటె కేసయితది."

ముసలాయన రెండు చేతులూ జోడించాడు. ఇక "మజాక్ తాతా" అనడమే మిగిలింది. అప్పుడే కారు హారన్ మోగింది. ఇంకో పార్టీ వస్తోందని భానుచందర్ చెయ్యి ఊపుతున్నాడు. ఖాజా పాషా నవ్వుకుంటూ పరుగెత్తాడు. కారెక్కి కొంత దూరం పోయాక గుర్తొచ్చింది. మళ్లీ వచ్చినప్పుడు చెప్తే సరిపోతుందనుకున్నాడు.

ఆ రాత్రి అన్నం తింటూ సర్వే సారు వేషం వేసి చూపించాడు. జైనాబీకి పొలమారేంత నవ్వొచ్చింది.

"ఆఖరుది అడిగినవా అబ్బా?" అంది సుమేరా.

"అడిగిన బిడ్డా. ఎవలు లేరు."

వారం తిరగకుండా రిజిస్ట్రేషన్ అయింది.

నాలుగు నెలలకు, షెడ్డు బందున్న ఒక రోజు, జైనాబీని బండి మీద కూర్చోబెట్టుకుని ప్లాటు చూపించడానికి బయల్దేరాడు. ఆ రోజు పెత్రమాస. చచ్చిపోయినవాళ్లకు పెట్టుకునే అమాస కాబట్టి దారిలో ఊళ్లన్నీ ఇంటి పనుల్లో ఉన్నాయి. వెంచర్ గుర్తుపట్టరాకుండా మారిపోయింది. పొలం గట్లు లేవు, వేపచెట్టు లేదు. ఎర్రమట్టి అరచేయిలా సాపు చేసి ఉంది. నల్లటి కొత్త రోడ్డు మెరుస్తోంది. నలభై ఏడో నంబరు రాయి మీద జైనాబీ కొంగుతో దుమ్ము తుడిచింది.

అప్పుడు కనబడ్డాడు మొండయ్య. చేతిలో మోదుగాకుల విస్తరి, దాని మీద ఇంకొక ఆకు కప్పి ఉంది. ప్లాటు ప్లాటుకూ ఆగుతూ, నేలను చూస్తూ, మళ్లీ వెనక్కి నడుస్తున్నాడు. ఖాజా పాషాను చూడగానే ఆయన నడక పెరిగింది.

"దేవునోలె అచ్చిండ్రు సారు. మీరు జెప్పినట్టే తెల్లారి తీసేసిన."

"ఏది తీసినవ్ తాతా?" అడిగింది జైనాబీ.

"రాయమ్మా. మా సోమక్క మీది రాయి. నా ఇంటామె. గీ భూమి నాదే ఉన్నప్పుడు గీడనే బొంద పెట్టుకున్నం. అమ్మేటప్పుడు గా మూల ముట్టకుండ ఇడిచిపెడ్తమన్నరు. సారు అచ్చి కేసయితదంటె భయమయి, గడ్డపార తోని నేనే పీకిన. రాయి లేకున్నా చెట్టున్నది గద, తావు యాదుంటదనుకున్న. జేసీబీ అచ్చి అన్ని ఒక్కతీరు జేసింది. పొద్దటిసంది తిరుగుతాన. దొరుకుతలేదు."

జైనాబీ మొగుడి వైపు చూసింది. ఆ రాత్రి అన్నం ముందర తను నవ్విన నవ్వు ఆమెకు గుర్తొచ్చినట్టుంది, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

"మీ మ్యాపుల ఉంటది గద సారు. జర చూసి చెప్పుండ్రి. అన్నం సల్లారిపోతాంది."

ఖాజా పాషా ఒకడుగు దగ్గరికి జరిగాడు. "తాతా, నేను సర్వేయరును గాదు. బండ్లు బాగుజేసుకుంట బతుకుతా. ఆనాడు ఉత్తగనే అన్న. మజాక్ జేసిన."

నాలుగు నెలలు ఆలస్యంగా ఆ మాట బయటికొచ్చింది. మొండయ్య మాత్రం దాన్ని నమ్మలేదు.

"ఎందుకు సారు ముసలోని తోని మజాకులు? నాకు కాయితాలొద్దు, పైసలొద్దు. తావు చూపెట్టుండ్రి, సాలు."

"నిజంగనే తాతా, నా బిడ్డ మీద ఒట్టు..."

"అట్ల అనకుండ్రి సారు," అంటూ విస్తరితోనే వంగి కాళ్ల మీద పడబోయాడు. ఖాజా పాషా ఆయన రెండు చేతులూ పట్టి ఆపాడు.

జేబులోంచి ఫోను తీశాడు. ఆనాటి ఫోటోల్లో ఒకదాంట్లో వేపచెట్టు, తెల్లరాయి ఉన్నాయి. వెనకాల దూరంగా రెండు తాటిచెట్లు, వాటి నడుమ ఒక గుట్ట. చెట్టు పోయినా గుట్ట పోలేదు, తాటిచెట్లు పోలేదు. ఫోను కళ్ల ముందర పట్టుకుని వెనక్కి వెనక్కి నడిచాడు. గుట్ట వచ్చి రెండు తాటిచెట్ల నడుమ కూర్చునేదాకా నడిచాడు. అక్కడి నుంచి ఫోటోలో రాయి కనబడ్డంత దూరం ముందుకు నడిచి, ఆగి కాళ్ల కిందికి చూశాడు.

నల్లటి రోడ్డు. అమ్మేటప్పుడు రేటు పలుకుతుందని మురిసిపోయిన నలభై ఫీట్ల రోడ్డు. రాయి ఉండి ఉంటే రోడ్డేసేవాళ్లు ఆగి అడిగేవాళ్లేమో. అడగడానికి అక్కడ ఏమీ మిగల్లేదు.

జైనాబీ వచ్చి ఆయన భుజం మీదుగా ఫోటో చూసింది, తర్వాత రోడ్డు చూసింది.

"దొరికిందా సారు?"

ఖాజా పాషా రోడ్డు దిగాడు. అంగలు లెక్కపెట్టుకుంటూ నలభై ఏడో నంబరు ప్లాటు నడుమకు వచ్చి నిలబడ్డాడు. నోరు విప్పడానికి ఇంత కష్టపడ్డది ఆయన పుట్టిన్నాటి నుంచి లేదు.

"గీడనే తాతా. మ్యాపుల సాఫ్ ఉన్నది."

మొండయ్య కూలబడిపోయాడు. ఎర్రమట్టిని చేత్తో చదును చేసి, విస్తరి పెట్టి, పై ఆకు తీశాడు. అన్నం, గారెలు, చిక్కుడుకాయ కూర. "ఆలస్యమైంది సోమక్కా. కోపానికి రాకు," అని చాలాసేపు ఆ మట్టితోనే ఏదో చెప్పుకున్నాడు. తర్వాత తలెత్తాడు.

"గీ ప్లాటు ఎవలన్న కొన్నరా సారు?"

"ఆఁ. ఒకాయన కొన్నడు."

"ఎసొంటోడు?"

ఖాజా పాషా నలభై ఏడో నంబరు రాయి వైపు చూశాడు. "అంత మంచోడేం గాదు. గని నిన్ను రానిస్తడు."

"ఇల్లు గిట్ల కడ్తడా?"

"కట్టడు."

"మరి ఇంకొకలకు అమ్ముకుంటె?"

జైనాబీ వచ్చి మొండయ్య పక్కన మట్టిలో కూర్చుంది. "అమ్మడు తాతా. ఆయన నాకు ఎర్కే," అంది.

మొండయ్యకు ఇంకా భయం తీరలేదు. రాయి మళ్లీ పాతుకుంటే కేసవుతుందా అన్నాడు. కాదన్నా వినలేదు, కాగితం రాసిమ్మన్నాడు. ఖాజా పాషా పర్సులో మడతపెట్టి ఉన్న సుమేరా కాగితం తీసి, ప్రశ్నలు లేని వైపు తిప్పి, బండి సీటు మీద పెట్టి వంకర అక్షరాలతో రాశాడు. 'ఈ రాయి ఎవరు తియ్యొద్దు.' కింద తన పేరు రాయబోయి ఆగి, 'సర్వే సారు' అని రాశాడు. మొండయ్య దాన్ని రెండు కళ్లకూ అద్దుకుని చొక్కా లోపలి జేబులో దాచుకున్నాడు.

తిరుగు ప్రయాణంలో ప్లాటు మూలన, ఇందాక ఫోటో పట్టుకుని ఆగిన చోటు దగ్గరికి రాగానే ఖాజా పాషా బండి బంద్ చేశాడు. జైనాబీ తనే దిగింది. ఆయన హ్యాండిల్ పట్టుకుని, నల్లరోడ్డు విడిచిపెట్టి, పక్కన మట్టిలో బండిని నెట్టుకుంటూ నడిచాడు. చక్రాలు కూరుకుపోతుంటే ఆమె వెనక నుంచి తోసింది.

"బండికేమైంది సారు?" ప్లాటులో నుంచి మొండయ్య కేకేశాడు.

"పంచరయింది తాతా," అన్నాడు ఖాజా పాషా, వెనక్కి తిరగకుండా.