రేవల్లుడి సాక్షులు

టీచరమ్మ భర్తను ఆవిడ పుట్టింటివాళ్ళంతా రేవల్లుడంటారు. ఎదుట కాదు లెండి, ఆయన అటు తిరిగాక. పెళ్ళికి ముందు ఆయన ఓ పాత రేవుపట్నంలో, మిరియాల గోదాములో తూకం గుమాస్తాగా పనిచేశాడట. ఆ రేవు కథ ఎత్తుకున్నాడంటే వంటింట్లో ఉన్నవాళ్ళు ఇక బయటికి వచ్చేవారు కాదు. మొదట్లో చెప్పినప్పుడు ఓడ కెప్టెన్ ఆయనకు చెయ్యి ఊపాడు. కొన్నేళ్ళకు అదే కెప్టెన్ ఆయన భుజం మీద తల వాల్చి ఏడ్చాడు. ఇక క్రేను సంగతి సరేసరి. క్రేను కొక్కెం ఆయన చొక్కా కాలరు పట్టుకుని గోదాము కప్పు దాకా లేపి, సముద్రం మీద ఓ చుట్టు తిప్పి, తెచ్చి ఎక్కడివాణ్ణక్కడ దించిందట. పైగా చొక్కా చిరగలేదట.

టీచరమ్మ ఇందులో ఒక్క ముక్క నమ్మలేదు. అసలీయన ఆ ఊరి మొహమైనా చూశాడా అన్నది ఆవిడ అనుమానం. కానీ ఆ అనుమానాన్ని పెదవి దాటనివ్వలేదు. మొగుడు కోతలు కోస్తాడని పెళ్ళామే ఒప్పేసుకుంటే లోకం ఊరుకుంటుందా? పుట్టింట్లో ఎవరైనా మూతి తిప్పితే, "ఆయన చూశారు, మీరు చూశారా?" అని విరుచుకుపడేది. ఆవిడ కోపానికి అందరూ నోళ్ళు మూసుకునేవారు, ఒక్క చెల్లెలి మొగుడు తప్ప.

చెల్లెలి మొగుడు బీమా కంపెనీకి సర్వేయరు. కొట్టు కాలిందన్నా, సరుకు తడిసిందన్నా వెళ్ళి చూసి, నిజంగా పోయిందెంత, నోటితో పోగొట్టుకున్నదెంత అని తేల్చడం ఆయన పని. ఇంట్లో కూడా అదే ధోరణి. జలుబు చేసిందంటే ముక్కు చూపించమనే రకం. తోడల్లుడి రేవు కథలు విన్నప్పుడల్లా ఆయనకు చెయ్యి దురద పెట్టేది. చివరికి ఈ ఏడు సెలవుల్లో నలుగురికీ రైలు టికెట్లు తనే తీసి, "అన్నయ్యగారి రేవుకే వెళ్దాం. గైడు కూడా ఆయనే," అన్నాడు. అంటూ నవ్విన నవ్వు చూసి టీచరమ్మ గుండె గుభేలుమంది.

ఊళ్ళో దిగింది మొదలు రేవల్లుడు మాట్లాడ్డం మానేశాడు. హోటలు గదిలో పెట్టె కూడా విప్పకుండా కిటికీ ఊచలు పట్టుకుని, కింద వీధిని చూస్తూ నిలబడిపోయాడు. పక్క గదిలోంచి సర్వేయరు కేకేసి, "అన్నయ్యగారూ, రేపు పొద్దున మీ స్నేహితులందర్నీ పరిచయం చెయ్యాలి సుమా!" అన్నాడు.

"ఎవరైనా ఉంటే కదా," అన్నాడు రేవల్లుడు, వెనక్కి తిరక్కుండానే.

దొరికిపోయే ముందు మనిషి ఇలాగే ఉంటాడు, అనుకుంది టీచరమ్మ. ఆవిడకు ఏడుపొచ్చినంత పనైంది. ఎంత కోతలరాయుడైనా తన మొగుడు. చెల్లెలి మొగుడి ముందు ఆయన తల దించుకుని నిలబడితే చూస్తూ కూర్చునే ఓపిక ఆవిడకు లేదు.

అయినా ఆవిడ తక్కువదేం కాదు. బడిలో ఏటా వార్షికోత్సవానికి నాటికలు వేయించేది ఆవిడే. నోట మాట పెగలని పిల్లల్ని రాజుల్ని చేసింది, అల్లరి పిడుగుల్ని చెట్లను చేసి కదలకుండా నిలబెట్టింది. అలాంటిది, ఒక ఊళ్ళోంచి ముగ్గురు మనుషుల్ని పోగేసి నాలుగు మాటలు చెప్పించలేదా?

మర్నాడు మిగతా ముగ్గురూ దుప్పట్లు వదలకముందే చెప్పులు చేత్తో పట్టుకుని చెక్కమెట్లు దిగింది. వీధి మలుపులో టీ కొట్టాయన అప్పుడే పొయ్యి వెలిగిస్తున్నాడు. సంగతంతా విని ఆయన కళ్ళు మెరిశాయి.

"ఇంతకీ ఆయన నాకు ఎంత బాగా తెలుసమ్మా?"

"కాస్త తెలుసు."

"కాస్తంటే ఎలా? ఏడవాలా, అక్కర్లేదా?"

"అక్కర్లేదు. 'ఏం గురూ, గోదాము వదిలేశాక ఇదేనా రావడం' అంటే చాలు. పచ్చ గళ్ళ చొక్కా వేసుకుని వస్తారు."

ఏడవక్కర్లేదనేసరికి టీ కొట్టాయన మొహం చిన్నబోయింది.

రేవుకు వెళ్ళే దారిలో అరుగు మీద కూర్చుని గొడుగులు బాగుచేసే మనిషి ఒకాయన దొరికాడు. ఆయనకు క్రేను కథ అప్పగించింది. ఆయన అంతా విని, చేతిలోని గొడుగు పుల్ల పక్కన పెట్టి, "చొక్కా చిరగలేదా?" అన్నాడు.

"లేదు."

"ఎవరు చెప్పారు?"

"ఆయనే."

"మీరు చాలా మంచివారమ్మా," అన్నాడు గొడుగుల మనిషి జాలిగా.

పడవల దగ్గర టికెట్లు చింపే ఆవిడ మాత్రం మొదట ససేమిరా అంది. తరవాత, "ఒక్క మాటేగా?" అంది. "ఒక్కటే. 'బాగున్నారా సార్, చాలా రోజులైంది' అనండి, అంతే," అని టీచరమ్మ ఆవిడ చేత రెండుసార్లు వల్లె వేయించి హోటలుకు తిరిగొచ్చింది. వచ్చి మొగుడి చేత పచ్చ గళ్ళ చొక్కా తొడిగించింది. ఎందుకని అడిగితే, ఫొటోల్లో బాగుంటుందంది.

నాటకం ఎండెక్కాక మొదలైంది. టీ కొట్టాయన వీళ్ళను దూరం నుంచే చూసి, గరిటె చేత్తో పట్టుకునే పరిగెత్తుకొచ్చి రేవల్లుణ్ణి వాటేసుకున్నాడు. "గురూ! గోదాము వదిలేశాక ఇదేనా రావడం!" అని భోరుమన్నాడు. వద్దన్నా ఏడ్చాడు. గరిటెలోంచి టీ కారి సర్వేయరు బూటు మీద పడింది.

రేవల్లుడు ఆయన్ని నెమ్మదిగా విడిపించుకుని మొహంలోకి పరీక్షగా చూశాడు. "ఇక్కడ తాళ్ళ కొట్టు ఉండేది కదా?" అన్నాడు.

టీ కొట్టాయన ఓ క్షణం బిక్కమొహం వేశాడు. "అదే, అదే! ఆ తాళ్ళ కొట్టులోనే కదా నేను టీ అమ్మింది!"

అబ్బ, ఎంత బాగా అల్లుతున్నారో ఇద్దరూ, అని మురిసిపోయింది టీచరమ్మ. లేని తాళ్ళ కొట్టును అప్పటికప్పుడు పుట్టించిన మొగుడి మీద ఆవిడకు కాస్త గర్వం కూడా కలిగింది. చెల్లెలు నోరు వెళ్ళబెట్టింది. సర్వేయరు బూటు తుడుచుకోవడం కూడా మర్చిపోయాడు.

గొడుగుల మనిషి ఇంకాస్త ముందుకు వెళ్ళాడు. లేచి నిలబడి, దారిన పోయేవాళ్ళను కూడా ఆపి, "ఈయనే! క్రేనుకు వేలాడింది ఈయనే! నేను కింద గొడుగు తెరిచి పట్టుకుని అటూ ఇటూ పరిగెత్తాను, పడితే పట్టుకుందామని!" అని అరిచాడు. గొడుగు సంగతి టీచరమ్మ చెప్పలేదు. అది ఆయన సొంత పైత్యం.

"మీరు కళ్ళారా చూశారా?" అన్నాడు సర్వేయరు.

"చూడ్డమేంటి సార్, మెడ పట్టేసింది! వారం రోజులు దించలేకపోయాను!"

సర్వేయరు రేవల్లుడి వైపు తిరిగాడు. కొరడా దెబ్బ తిన్నట్టుంది ఆయన మొహం. "అన్నయ్యగారూ, నేను చాలా తప్పుగా అనుకున్నాను మీ గురించి," అన్నాడు. టీచరమ్మ సంతోషం పట్టలేక చెల్లెల్ని గిల్లింది. రేవల్లుడు మాత్రం గొడుగుల మనిషి మొహం వదిలి చూపు తిప్పలేదు.

ఇక టికెట్ల ఆవిడ. ఒక్క మాటే చాలన్న మనిషికి ఏం పూనిందో ఏమో, రేవల్లుణ్ణి చూడగానే టికెట్ల కట్ట కింద పెట్టేసి పమిట చెంగు కళ్ళకద్దుకుంది. "నన్ను మర్చిపోయారు కదూ," అంది. "పోన్లెండి. అప్పుడు మీరిచ్చిన మాట నేనే పట్టించుకోలేదు. ఈవిడేనా మీ ఆవిడ? చక్కగా ఉంది." అని టీచరమ్మను ఎగాదిగా చూసింది.

చెల్లెలు కిసుక్కుమంది. టీచరమ్మకు ఒళ్ళు మండిపోయింది. తను చెప్పించిన అబద్ధమే, తను పెట్టిన మనిషే, అయినా ఒళ్ళు మండింది! ఏం మాట ఇచ్చాడట? ఎప్పుడిచ్చాడట? మొగుడేమైనా కాదంటాడేమోనని చూస్తే, ఆయన రెండు చేతులూ జోడించి, "క్షమించమ్మా, గుర్తు రావడం లేదు," అన్నాడు. గొంతు వణికింది.

ఆ వణుకు నటన కాదు. ఇన్నేళ్ళుగా పిల్లల చేత నాటకాలు వేయించిన మనిషి, ఆ మాత్రం తెలియదా! టీచరమ్మ కోపం ఉన్నట్టుండి చల్లబడింది.

పడవ బయల్దేరడానికి ఇంకా జనం రావాలి. చెల్లెలూ సర్వేయరూ గట్టు మీద ఫొటోలు తీసుకుంటున్నారు. రేవల్లుడు భార్య చెయ్యి పట్టుకుని చేపల బజారు వెనకనున్న సందులోకి తీసుకెళ్ళాడు. ఎవర్నీ దారి అడగలేదు. రెండు మలుపులు తిరిగి, పాత సామాను అమ్మే ఓ పెద్ద కొట్టు ముందు ఆగాడు.

"ఇదే గోదాము. లోపల నేల అటువైపు వాలుగా ఉంటుంది, బస్తాలు దొర్లించడానికి. అడుగు పెట్టగానే ఎడమవైపు దూలం బాగా కిందికి ఉంటుంది, వంగి రా."

ఇక్కడ సాక్షులెవరూ లేరు కదా, ఇంకా ఈ కోతలెందుకో అనుకుంది టీచరమ్మ. వంగలేదు. దూలం నుదుటికి ఠంగుమని తగిలి కళ్ళ ముందు చుక్కలు కనిపించాయి. తూలి ముందుకు పడబోతే కాళ్ళు వాటంతటవే పరుగందుకున్నాయి. నేల నిజంగానే వాలు. అమ్మకానికి పెట్టిన ఓ కుర్చీ అడ్డం రాబట్టి ఆగింది.

రేవల్లుడు ఆవిడను ఆ కుర్చీలో కూర్చోబెట్టి నుదురు రుద్దాడు. తరవాత పక్కనే నేల మీద చతికిలబడ్డాడు.

"చూశావా? దూలం గుర్తుంది, నేల గుర్తుంది. మనుషులే పోయారు. ఆ ముగ్గురిలో ఒక్కరి మొహం కూడా నాకు తెలీదే. వాళ్ళేమో వాటేసుకుంటున్నారు, ఏడుస్తున్నారు. ఆవిడకు నేను మాటిచ్చానట! ఆ క్రేను సంగతి కూడా జరిగిందట!" ఆయన గొంతు తగ్గించాడు. "నాన్నకు ఇలాగే మొదలైంది. చివర్లో నాకే తలుపు తీసి, ఎవరు కావాలి బాబూ అన్నాడు. ఊరెళ్ళగానే నన్ను డాక్టరుకు చూపించు. నీ చెల్లెలికి, ఆయనకు మాత్రం చెప్పకు."

టీచరమ్మకు నుదుటి నొప్పి మాయమైపోయింది. ఆవిడ ఎవరి పరువు కాపాడాలని బయల్దేరిందో ఆ మనిషి పసిపిల్లాడిలా నేల మీద కూర్చుని భయపడుతున్నాడు. ఇప్పుడు నోరు విప్పితే ఇన్నేళ్ళూ ఆయన్ని ఏమనుకుందో బయటపడుతుంది. విప్పకపోతే ఆయనకు ఈ భయం పోదు. ఆవిడ కళ్ళు మూసుకుని, "వాళ్ళను పెట్టింది నేనే," అనేసింది.

"ఏం పెట్టావు?"

"ఆ ముగ్గుర్నీ. పొద్దున వెళ్ళి మాటలు నేర్పించి వచ్చాను. వాళ్ళెవరూ మీకు తెలీదు. మీకేం కాలేదు. మీరు నిక్షేపంలా ఉన్నారు."

రేవల్లుడు పెద్ద ఊపిరి వదిలాడు. మొహంలోకి రంగు తిరిగొచ్చింది. అది వచ్చీ రాకముందే ఇంకో సంగతి తట్టినట్టుంది. "అంటే," అన్నాడు నెమ్మదిగా, "నేనిక్కడ పనిచేశానన్నది నువ్వు నమ్మనే లేదన్నమాట."

"ఒక్క ముక్క కూడా," అంది టీచరమ్మ, ఏడుస్తూ. "కెప్టెన్ అంతలా మారిపోతుంటే ఎలా నమ్మమంటారు? ఆ క్రేను ఒకటి!"

"క్రేను అబద్ధమే."

"చూశారా మరి!"

"పెళ్ళైన కొత్తలో ఓసారి ఉన్నదున్నట్టు చెప్పాను నీకు. మిరియాల ఘాటుకు రోజంతా తుమ్ములు, ఊళ్ళో నాకు తెలిసినవాళ్ళు ఒక్కరూ లేకపోవడం, ఈ దూలం కింద కూర్చుని ఇంటికి వెళ్ళిపోదామా అని ఏడవడం, అన్నీ చెప్పాను. కెప్టెన్ దాకా రాకముందే నిద్రపోయావు. మర్నాడు మళ్ళీ చెబుతూ మధ్యలో క్రేను పెట్టాను. లేచి కూర్చున్నావు. తరవాతేమైంది, తరవాతేమైంది అని చెయ్యి పట్టుకున్నావు."

 టీచరమ్మ కొంగుతో ముక్కు తుడుచుకుని, కుర్చీ దిగి, ఆయన పక్కనే నేల మీద కూర్చుంది. "ఎక్కడ కూర్చుని ఏడ్చేవారు?" అని అడిగింది. ఆయన వేలితో చూపించాడు. అదెంతసేపు చూసినా ఒట్టి గచ్చు, ఒక మూల. అయినా ఆవిడ చూపు తిప్పలేకపోయింది.

అంతలో సందులోంచి సర్వేయరు గొంతు వినిపించింది. ఆయన పెళ్ళాన్ని వెంటబెట్టుకుని, దారిలో కనిపించినవాళ్ళకల్లా మా తోడల్లుడండీ, క్రేను, గొడుగు అని చెప్పుకుంటూ వస్తున్నాడు. లోపలికి వచ్చి దూలానికి నుదురు కొట్టుకుని, వాలులో పరిగెత్తి ఇద్దరి ముందూ ఆగాడు. నుదురు రుద్దుకుంటూనే అడిగాడు.

"అన్నయ్యగారూ, ఆ క్రేను ఎక్కడుండేదో చూపిస్తారా? ఒక ఫొటో తీసుకుంటాను."

రేవల్లుడు తల వంచుకున్నాడు. "అదేం లేదు తమ్ముడూ. ఆ క్రేను సంగతి అసలు..." అని మొదలుపెట్టాడు.

"అదిగో, అక్కడ!" అంది టీచరమ్మ. లేచి వెళ్ళి, ఎదురుగా ఉన్న కిటికీలోంచి ఖాళీ ఆకాశంలోకి వేలు చూపించింది. "ఆ పక్కనుంచి వచ్చింది కొక్కెం. ఎడమవైపు కాలరు పట్టుకుని అమాంతం లేపేసింది. ఆయన చెబితే మీరే నమ్మరు కదా, అందుకే సిగ్గు పడుతున్నారు."

సర్వేయరు ఫోను పైకెత్తాడు. రేవల్లుడు లేచి, బట్టలు దులుపుకుని, వచ్చి ఆవిడ పక్కన నిలబడ్డాడు.

"ఎడమ కాదు," అన్నాడు. "కుడి."